గాలిలో నత్రజని ఉచితంగా ఉండగా అమ్మోనియాకు ఇంత గ్యాస్ ఎందుకు?

పంతులు_పెద్దపల్లి:

సభ్యులందరికీ నమస్కారం. నేను పెద్దపల్లి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. మా విద్యార్థుల్లో చాలామంది రామగుండం ఎరువుల కర్మాగారం పొగగొట్టాలను రోజూ చూస్తూ బడికి వస్తారు, కొందరి తాతలు అక్కడి పాత ఎఫ్‌సీఐ (భారత ఎరువుల సంస్థ) కర్మాగారంలో ఉద్యోగాలు చేసినవారే. పాఠ్యపుస్తకంలో నత్రజనినీ హైడ్రోజన్‌నూ కలిపి, యూరియాకు మూలమైన అమ్మోనియాను చేసే హేబర్ విధానం గురించి ఒక సమీకరణమూ, ఉష్ణోగ్రత, పీడనం, ఉత్ప్రేరకం అన్న మూడు మాటలూ తప్ప మరేమీ ఉండవు. మొన్న తరగతిలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నను ఇక్కడ మీ ముందుంచుతున్నాను: గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నప్పుడు, దాని కోసం తూర్పు తీరంలోని మల్లవరం నుంచి పైపులైను వేసి గ్యాస్ ఎందుకు తెస్తున్నారు, అంతకుముందు బొగ్గు ఎందుకు వాడారు? పాఠ్యపుస్తకం దాటి, కర్మాగారం లోపల నిజంగా జరిగేదేమిటో తెలిసినవారు వివరిస్తే పిల్లలకు చెప్పగలను.

లూప్_ఇంజినీరు:

మాస్టారూ, ఆ అమ్మాయి సరైన చోటే వేలు పెట్టింది. నేను అమ్మోనియా ప్లాంటులో షిఫ్టు బాధ్యతలు చూసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కనుక నాకు తెలిసినంత రాస్తాను.

ఒక టన్ను అమ్మోనియాలో దాదాపు 823 కిలోల నత్రజని, 177 కిలోల హైడ్రోజన్ ఉంటాయి. తూకంలో నత్రజనిదే పెద్ద వాటా అయినా, ఖర్చులో దాని వాటా చాలా స్వల్పం. గాలిని పీల్చుకుంటే నత్రజని వచ్చేస్తుంది. హైడ్రోజన్ మాత్రం భూమి మీద విడిగా దొరకదు కనుక, మీథేన్ నుంచీ నీటి నుంచీ దాన్ని విడదీసుకోవాలి. ప్లాంటులో ముప్పాతిక భాగం యంత్రాలు ఈ హైడ్రోజన్‌ను తయారుచేసి శుభ్రం చేయడానికే ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో ఉన్న సమీకరణం జరిగే కన్వర్టర్ చివరలో ఉంటుంది.

గ్యాస్ లోపలికి రాగానే మొదట గంధకాన్ని తీసేస్తారు, ఎందుకంటే అది మిలియన్‌లో ఒక వంతు ఉన్నా తరువాతి నికెల్ ఉత్ప్రేరకం చచ్చిపోతుంది. ఆ తరువాత మీథేన్‌ను ఆవిరితో కలిపి ప్రైమరీ రిఫార్మర్‌లోకి పంపుతారు. అది ఒక పెద్ద కొలిమి. దాని లోపల పది పన్నెండు మీటర్ల పొడవున్న నికెల్–క్రోమియం మిశ్రలోహపు గొట్టాలు వందల కొద్దీ నిలువుగా వరుసల్లో వేలాడుతుంటాయి, వాటి నిండా ఉత్ప్రేరకం ఉంటుంది, బయట బర్నర్ల మంటలు ఉంటాయి. గోడకున్న చిన్న చూపుడు రంధ్రం తెరిచి నల్ల కళ్లద్దాల గుండా చూస్తే గొట్టాలన్నీ ఒకే నారింజ రంగులో మెరవాలి. ఏదైనా ఒక గొట్టం మీద ఎర్రటి పట్టీలు కనిపించాయంటే లోపల కర్బనం పేరుకుందనో, ఉత్ప్రేరకం అలసిపోయిందనో అర్థం. ఆ చారలను మేము టైగర్ టెయిల్ అనేవాళ్లం. గొట్టం గోడ ఉష్ణోగ్రత 900 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కనుక, అది కాస్త పెరిగినా గొట్టం ఆయుష్షు సంవత్సరాల లెక్కన తగ్గిపోతుంది. ఎన్ని కొలత పరికరాలు ఉన్నా, ప్రతి షిఫ్టులోనూ ఒక మనిషి వెళ్లి ఆ రంధ్రాల్లోంచి కళ్లారా చూసి రావలసిందే.

అక్కడ ఏర్పడిన కార్బన్ మోనాక్సైడ్‌ను షిఫ్ట్ కన్వర్టర్లలో మళ్లీ ఆవిరితో కలిపి మరికొంత హైడ్రోజన్ రాబడతారు. వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను అమీన్ ద్రావణంలో కడిగి వేరు చేస్తారు. ఇంకా మిగిలిన కార్బన్ ఆక్సైడ్లు మిలియన్‌లో పది వంతులకు మించకుండా మీథనేటర్‌లో మీథేన్‌గా మార్చేస్తారు. ఇదంతా అయ్యాకనే వాయువు కంప్రెసర్‌కు చేరుతుంది. కనుక మీ విద్యార్థినికి క్లుప్తమైన సమాధానం ఇది: గ్యాస్ తెచ్చేది నత్రజని కోసం కాదు, హైడ్రోజన్ కోసం.

రసాయన_అధ్యాపకురాలు:

ఇంజినీరు గారి వివరణకు రసాయన సమతాస్థితి వైపు నుంచి కొంత చేర్చుతాను, ఎందుకంటే పిల్లలు పరీక్షల్లో, ఉష్ణోగ్రత, పీడనం మారితే సమతాస్థితి ఎటు జరుగుతుందో చెప్పే లీ చాట్లియర్ సూత్రాన్ని కంఠస్థం చేసి రాస్తారే తప్ప, అందులోని అసలు చిక్కును గుర్తించరు.

నత్రజని, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా ఏర్పడడం ఉష్ణమోచక చర్య, రెండు మోల్‌ల అమ్మోనియాకు సుమారు 92 కిలోజౌళ్ల ఉష్ణం వెలువడుతుంది. అందువల్ల ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ అమ్మోనియా ఎక్కువగా ఏర్పడాలి. అయితే నత్రజని అణువులోని త్రిబంధం ఎంత గట్టిదంటే, చల్లని ఉష్ణోగ్రతలో చర్య జరగడమే మానేస్తుంది. వేడి పెంచితే వేగం వస్తుంది కానీ దిగుబడి పడిపోతుంది. ఈ రెండింటి మధ్య రాజీయే 400 నుంచి 500 డిగ్రీలు, 150 నుంచి 200 అట్మాస్ఫియర్లు. ఇంత చేసినా, కన్వర్టర్ గుండా ఒకసారి వెళ్లిన వాయువులో దాదాపు 15 నుంచి 20 శాతం మాత్రమే అమ్మోనియాగా మారుతుంది. పిల్లలు ఇక్కడ ఆశ్చర్యపోతారు. మిగిలినదాన్ని పారేయరు: వాయువును చల్లబరిచి అమ్మోనియాను ద్రవంగా వేరుచేసి, తక్కిన వాయువును కొత్త వాయువుతో కలిపి మళ్లీ కన్వర్టర్‌లోకి పంపుతారు. ఈ తిరుగుడు వల్లనే ఆ చిన్న శాతం చివరికి దాదాపు పూర్తి మార్పిడి అవుతుంది.

ఇనుము ఉత్ప్రేరకం మీద నత్రజని అణువు రెండు పరమాణువులుగా విడిపోవడమే అన్నిటికన్నా నెమ్మదైన మెట్టు అని గెర్హార్డ్ ఎర్టల్ నిరూపించారు. ఉపరితల రసాయన శాస్త్రంలో కృషికి గాను 2007లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అంటే పరిశ్రమ నడక మొదలైన ఎన్నో దశాబ్దాలకు గానీ, ఆ లోహపు ఉపరితలం మీద ఏం జరుగుతుందో శాస్త్రానికి స్పష్టంగా తెలియలేదు.

పాత_పుటలు:

ఆ నడక మొదలైన తీరు పిల్లలకు తప్పక చెప్పవలసినదని నా అభిప్రాయం. 1909 జూలై 2న జర్మనీలోని కార్ల్స్రూహేలో ఫ్రిట్జ్ హేబర్, ఆయన సహాయకుడు రాబర్ట్ లె రొసిన్యోల్ కలిసి ఒక బల్ల మీద పట్టే యంత్రంలో, ఆస్మియం అనే లోహం ఉత్ప్రేరకంగా, చుక్కలు చుక్కలుగా అమ్మోనియాను చూపించారు. చూడడానికి జర్మన్ రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్ నుంచి వచ్చినవారిలో కార్ల్ బాష్, ఆల్విన్ మిట్టాష్ ఉన్నారు. యంత్రంలో ఒక బోల్టు పాడై ప్రదర్శన ఆలస్యం కావడంతో బాష్ వెళ్లిపోయారు, మిట్టాష్ ఉండి చూశారు. ఆ తరువాతి పని అంతా ఈ ఇద్దరి చేతికే వచ్చింది.

ఆస్మియం లోకంలోనే చాలా అరుదు, దాని మీద ఆధారపడి పరిశ్రమ నడవదు. మిట్టాష్ బృందం వేల మిశ్రమాలను పరీక్షించి, స్వీడన్‌లోని యెల్లివారె గని నుంచి వచ్చిన మాగ్నటైట్ ఇనుప ఖనిజం విశేషంగా పనిచేస్తోందని గమనించింది. అందులోని మలినాలే దాని బలమని గ్రహించి, ఇనుముకు అల్యూమినా, పొటాషియం లాంటివి కావాలని కలిపారు. నేటికీ ఎక్కువ కర్మాగారాల్లో వాడేది ఆ కుటుంబానికి చెందిన ఉత్ప్రేరకమే.

నాకు అంతకంటే గొప్పగా తోచేది బాష్ ఎదుర్కొన్న సమస్య. ప్రయోగానికి కట్టిన ఉక్కు గొట్టాలు దాదాపు 80 గంటలు నడిచి పగిలిపోయాయి. పగిలిన ముక్కలను కోసి పరిశీలిస్తే, వేడి హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి అందులోని కర్బనంతో కలిసి మీథేన్‌గా మారి లోహాన్ని పెళుసు చేసిందని తేలింది. ఉక్కుకు బలాన్నిచ్చేది ఆ కర్బనమే. బాష్ కనిపెట్టిన ఉపాయం ఇది: లోపల కర్బనం లేని మెత్తని ఇనుముతో పల్చని తొడుగు, బయట పీడనాన్ని తట్టుకునే మందపాటి ఉక్కు పెంకు, ఆ పెంకుకు అక్కడక్కడా సన్నని రంధ్రాలు. తొడుగు దాటి వచ్చిన కొద్దిపాటి హైడ్రోజన్ ఆ రంధ్రాల గుండా బయటకు పోతుంది, ఉక్కుకు హాని జరగదు. 1913 సెప్టెంబరులో జర్మనీలోని ఒప్పౌలో మొదటి కర్మాగారం రోజుకు 30 టన్నుల సామర్థ్యంతో మొదలయింది. హేబర్‌కు 1918 సంవత్సరపు నోబెల్, బాష్‌కు 1931లో నోబెల్ వచ్చాయి. ఒక పారిశ్రామిక ఇంజినీరుకు ఆ బహుమతి దక్కడం సామాన్యమైన విషయం కాదు. ఆ కర్మాగారమే మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీకి పేలుడు పదార్థాల నత్రజనిని సమకూర్చిందన్నది కూడా అంతే నిజం, దాన్ని పిల్లల దగ్గర దాచకూడదు.

మంథని_రైతు:

అందరి మాటలూ శ్రద్ధగా చదువుతున్నాను. నాకు ఒక్క లెక్క కావాలి. 45 కిలోల యూరియా బస్తాకు మేము 266 రూపాయల 50 పైసలు ఇస్తాం. ఆ ఒక్క బస్తా వెనక ఎంత గ్యాస్ ఖర్చవుతుంది?

లూప్_ఇంజినీరు:

మంచి ప్రశ్న వేశారు. కొత్త తరం ప్లాంట్లలో ఒక టన్ను యూరియాకు దాదాపు 50 లక్షల కిలోకేలరీల శక్తి పడుతుంది. అంటే 45 కిలోల బస్తాకు 2 లక్షల 25 వేల కిలోకేలరీలు, సహజ వాయువులో చెప్పాలంటే సుమారు 25 ఘనపు మీటర్లు. ఇంట్లో వాడే 14.2 కిలోల వంట గ్యాస్ సిలిండర్లతో పోల్చితే ఒకటిన్నర సిలిండర్ల శక్తి ఒక్క బస్తాలో ఉందన్నమాట. మీరు చెల్లించే ధరకూ అసలు ఖర్చుకూ మధ్య తేడాను కేంద్ర ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తోంది. అంతర్జాతీయంగా గ్యాస్ ధర పెరిగినప్పుడల్లా ఎరువుల సబ్సిడీ పద్దు ఉబ్బిపోవడానికి కారణం ఇదే. అందుకే, బస్తా చవకగా దొరుకుతోంది కదా అని అవసరానికి మించి చల్లడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

గోదావరిఖని_బిడ్డ:

ఇంత గ్యాస్ కావాలంటే, దాన్ని ఎక్కడి నుంచో తెచ్చుకునే బదులు మన కాళ్ల కింద ఉన్న సింగరేణి బొగ్గును ఎందుకు వాడకూడదు? మా నాన్న పాత ఎఫ్‌సీఐలో పనిచేశారు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ కర్మాగారం బొగ్గుతోనే నడిచింది, 1999లో మూతపడింది. కాలనీ ఖాళీ అయిన రోజులు చూసిన మాకు, బొగ్గు మీద నమ్మకం పెట్టిన ఆ ప్రయత్నాన్ని విఫల ప్రయోగంగా కొట్టిపారేయడం అన్యాయమనిపిస్తుంది. అక్కడివాళ్లు పని చేతకాక ఓడిపోలేదు.

లూప్_ఇంజినీరు:

మీ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రామగుండం, ఒడిశాలోని తాల్చేరు కర్మాగారాలను కవల పిల్లల్లా ఒకే నమూనాలో కట్టారు. 1970ల చమురు సంక్షోభం తరువాత, దేశీయ బొగ్గుతో ఎరువు చేసుకోవాలన్న ఆలోచన అప్పటికి సహేతుకమైనదే. కష్టమంతా బొగ్గు స్వభావంలోనూ, ఎంచుకున్న విధానంలోనూ ఉంది. కాపర్స్–టోట్సెక్ గ్యాసిఫయర్‌లో బొగ్గును పిండిలా నూరి ఆక్సిజన్, ఆవిరితో కలిపి కాలుస్తారు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, అదంతా కరిగి బయటకు పోవాలి, గోడలను తినేస్తుంది, గొట్టాలను పూడ్చేస్తుంది. ఆక్సిజన్ కోసం గాలిని విడగొట్టే ప్లాంటు వేరుగా కావాలి. పైగా ఆ గ్యాసిఫయర్ వాతావరణ పీడనంలోనే పనిచేస్తుంది కనుక, వచ్చిన వాయువును అడుగు నుంచి పైదాకా కంప్రెసర్లతోనే నొక్కాలి. గ్యాస్ ప్లాంటులో రిఫార్మర్ నుంచి వాయువు 30 అట్మాస్ఫియర్లతో బయటకు వస్తుంది, సగం పని అప్పటికే అయిపోతుంది. దీనికి తోడు విద్యుత్ కోతలు. ఇలాంటి ప్లాంటు ఒకసారి ఆగితే, మళ్లీ సరుకు ఇచ్చే స్థితికి రావడానికి రోజులు పడుతుంది. అందువల్ల ఎంత నైపుణ్యమున్న సిబ్బంది అయినా స్థాపిత సామర్థ్యాన్ని అందుకోవడం అసాధ్యమయింది.

ఇప్పటి రామగుండం ఫెర్టిలైజర్స్ 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల వేప పూత యూరియా దాని సామర్థ్యం. పాతదాని సామర్థ్యం 900 టన్నుల అమ్మోనియా మాత్రమే.

హరితశక్తి:

బొగ్గు, గ్యాస్ రెండూ వదిలేసి నీటి విద్యుద్విశ్లేషణతో హైడ్రోజన్ తీసే మార్గం ఉంది కదా. దీన్ని కొత్త కలగా చాలామంది భావిస్తారు, అది నిజం కాదు. నార్వేలోని ర్యూకాన్‌లో జలవిద్యుత్తుతో హైడ్రోజన్ తీసి అమ్మోనియా చేశారు. మన దేశంలో 1961లోనే పంజాబ్‌లోని నంగల్‌లో భాక్రా జలవిద్యుత్తుతో అదే పని చేసి కాల్షియం అమ్మోనియం నైట్రేట్ తయారుచేశారు, దానితో పాటు భారజలం కూడా లభించింది. కేరళలోని ఫ్యాక్ట్ కర్మాగారం 1947లో వంట చెరకు లాంటి కట్టెలను గ్యాసిఫై చేసి అమ్మోనియా చేసింది. హైడ్రోజన్ ఎక్కడి నుంచి వచ్చినా కన్వర్టర్‌కు ఒకటే. ఒక టన్ను అమ్మోనియా గ్యాస్ మార్గంలో దాదాపు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను వాతావరణానికి చేర్చుతున్నప్పుడు, రామగుండాన్ని సౌరవిద్యుత్తుతో నడపాలని మనం గట్టిగా అడగాలి.

రసాయన_అధ్యాపకురాలు:

హరితశక్తి గారి ఆకాంక్షను గౌరవిస్తూనే, రెండు లెక్కలు ముందుంచుతాను.

మొదటిది విద్యుత్తు. టన్ను అమ్మోనియాకు కావలసిన 177 కిలోల హైడ్రోజన్‌కూ తక్కిన అవసరాలకూ కలిపి సుమారు 10 మెగావాట్ గంటలు పడతాయి. రోజుకు 2,200 టన్నులంటే 22 వేల మెగావాట్ గంటలు, అంటే రాత్రీ పగలూ ఆగకుండా 900 మెగావాట్లకు పైగా. పక్కనే ఉన్న ఎన్టీపీసీ రామగుండం పాత కేంద్రం మొత్తం సామర్థ్యం 2,600 మెగావాట్లు. సౌరవిద్యుత్తు పగటిపూటే దొరుకుతుంది కనుక, దానికి ఎన్నో రెట్లు పలకలూ, నిల్వ ఏర్పాటూ కావాలి.

రెండవది ఇంకా మౌలికమైనది, దీన్ని చాలామంది పట్టించుకోరు. యూరియా అణువులో కర్బనం ఉంది. అమ్మోనియాను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితేనే యూరియా వస్తుంది. రోజుకు 3,850 టన్నుల యూరియాకు దాదాపు 2,820 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. అమీన్ ద్రావణంలో కడిగి వేరుచేస్తారని ఇంజినీరు గారు చెప్పిన ఆ వాయువే గొట్టం మారి పక్కనున్న యూరియా ప్లాంటుకు పోతుంది. నిజానికి సహజ వాయువులో కర్బనం తక్కువ కనుక ఆ వాయువు కూడా యూరియాకు కాస్త చాలదు. అందుకే కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారంలో 2009లో, రిఫార్మర్ పొగగొట్టం నుంచి రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను రాబట్టే యూనిట్‌ను పెట్టారు. నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌తో కర్బనం రాదు. అమ్మోనియా హరితమైనంత మాత్రాన యూరియా తయారు కాదు, కార్బన్ డయాక్సైడ్‌ను మరెక్కడి నుంచో తేవాలి.

హరితశక్తి:

మీ రెండవ లెక్క నా వాదనను మార్చవలసినంత బలంగా ఉంది. అయితే యూరియాలో బంధించిన కార్బన్ డయాక్సైడ్ పొలంలో చల్లగానే మళ్లీ గాలిలోకే వస్తుంది కనుక, దాన్ని శాశ్వతంగా దాచినట్టు లెక్కించకూడదని గుర్తుచేస్తున్నాను. అలాగే డీఏపీలో, కాంప్లెక్స్ ఎరువుల్లో కర్బనం అవసరం లేదు. హరిత అమ్మోనియాకు మొదటి చోటు అదే అని ఇప్పుడు అనుకుంటున్నాను.

విశాఖ_తీరం:

ఆ మాట సరైనది. విశాఖపట్నం, కాకినాడల్లో కాంప్లెక్స్ ఎరువులు చేసే కర్మాగారాలకు అమ్మోనియా నౌకల్లో దిగుమతి అవుతుంది. దాన్ని మైనస్ 33 డిగ్రీల దగ్గర, మామూలు పీడనంలో, రెండు గోడల పెద్ద ట్యాంకుల్లో నిల్వ చేస్తారు. దిగుమతి చేసుకునే అమ్మోనియా స్థానంలో హరిత అమ్మోనియా పోసినా, అక్కడి ప్లాంటులో మార్చవలసింది దాదాపు ఏమీ ఉండదు.

మాస్టారు గారి విద్యార్థులు కర్మాగారం దగ్గర నివసిస్తున్నారు కనుక ఒక జాగ్రత్త. అమ్మోనియా ఘాటు చాలా తక్కువ మోతాదులోనే ముక్కుకు తెలుస్తుంది, మిలియన్‌లో 300 వంతులకు చేరితే ప్రాణాపాయమే. లీకు జరిగితే గాలి వీచే దిశకు అడ్డంగా నడిచి దూరం పోవాలి, తడి గుడ్డతో ముక్కూ నోరూ కప్పుకోవాలి, ఎందుకంటే అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది. అదే కారణంతో నేల మీద నిలిచిన ద్రవ అమ్మోనియా మీద నీళ్లు పోయకూడదు, పోస్తే అది ఒక్కసారిగా మరిగి ఆవిరి మరింత లేస్తుంది. మేడల మీద కనిపించే గాలి సంచి ఎటు ఊగుతోందో చూడడం పిల్లలకు నేర్పండి.

పంతులు_పెద్దపల్లి:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇవన్నీ తరగతిలో చెప్పాను. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది: నత్రజని కోసం గాలిని లోపలికి పంపితే, దానితో పాటు వచ్చే 21 శాతం ఆక్సిజన్ ఎక్కడికి పోతుంది? అది ఉత్ప్రేరకాన్ని పాడుచేయదా?

లూప్_ఇంజినీరు:

పాడుచేస్తుంది, అందుకే అది కన్వర్టర్ దాకా చేరనే చేరదు. ప్రైమరీ రిఫార్మర్ తరువాత సెకండరీ రిఫార్మర్ అని లోపల ఇటుకలు పేర్చిన ఒక పాత్ర ఉంటుంది. గాలిని అక్కడ కలుపుతారు. ఆ వేడికి ఆక్సిజన్ అంతా కొంత హైడ్రోజన్‌తోనూ మీథేన్‌తోనూ మండి నీరుగా, కార్బన్ ఆక్సైడ్లుగా మారిపోతుంది. ఆ మంట వల్ల పైభాగం 1,000 డిగ్రీలు దాటుతుంది. ప్రైమరీలో మిగిలిపోయిన మీథేన్‌ను విడగొట్టడానికి కావలసింది ఆ వేడే. అంటే అక్కర్లేని ఆక్సిజన్‌నే ఇంధనం మండించడానికి వాడుకుంటున్నాం. ఎంత గాలి పంపాలో నిర్ణయించేది మాత్రం నత్రజని అవసరం: చివరికి ఘనపరిమాణంలో ఒక వంతు నత్రజనికి మూడు వంతుల హైడ్రోజన్ రావాలి. గాలి ఎంతో తేలిపోతే ఆక్సిజన్ ఎంతో తేలిపోతుంది, దానితో సెకండరీ ఎంత పనిచేయగలదో, ప్రైమరీకి ఎంత మిగలాలో కూడా తేలిపోతుంది. ఈ ఒక్క నిష్పత్తి చుట్టూ మొత్తం డిజైన్ అల్లుకుని ఉంటుంది.

పిల్లలు తరువాత అడగబోయేది ఆర్గాన్ గురించి. గాలిలో 0.93 శాతం ఉన్న ఆర్గాన్ దేనితోనూ కలవదు. మీథనేటర్ నుంచి వచ్చిన కొద్ది మీథేన్‌తో పాటు అది లూప్‌లో, అంటే వాయువు కన్వర్టర్ గుండా మళ్లీ మళ్లీ తిరిగే చక్రంలో, తిరుగుతూ ప్రతి చుట్టుకూ పోగవుతుంది. దాన్ని వదిలేస్తే, నత్రజని, హైడ్రోజన్‌ల చోటు తినేసి దిగుబడిని తగ్గిస్తుంది. అందువల్ల లూప్ నుంచి కొద్ది వాయువును నిరంతరం బయటకు తీస్తారు. అందులోని అమ్మోనియాను నీటితో కడిగి, హైడ్రోజన్‌ను పొరల గుండా వడకట్టి తిరిగి లూప్‌లోకి చేర్చి, మిగిలిన మీథేన్‌ను ప్రైమరీ రిఫార్మర్ బర్నర్లకు పంపి మండిస్తారు. ఆర్గాన్ పొగగొట్టం గుండా మళ్లీ గాలిలోకే వెళ్లిపోతుంది.